కేటాయింపు వేరు.. చేరే సొమ్ము వేరు

కేంద్ర బడ్జెట్‌లో శాఖల మధ్య పంపకం ఎలా జరుగుతుంది? పల్లెకు రావలసిన వాటా ఎక్కడ ఆగుతుంది?

ఏటా ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర ఆర్థిక మంత్రి లోక్‌సభలో బడ్జెట్‌ ప్రవేశపెడతారు. మరునాటి పత్రికల్లో రక్షణకు ఇంత, వ్యవసాయానికి ఇంత, విద్యకు ఇంత అంటూ లక్షల కోట్ల అంకెలు వరుస కడతాయి. అధికార పక్షం వారు చరిత్రాత్మకమంటారు. ప్రతిపక్షం వారు అంకెల గారడీ అంటారు. పది రోజుల్లో ఆ సందడి సద్దుమణుగుతుంది. కానీ ఊళ్లో సగంలో నిలిచిన మంచినీటి పైపులైను, బడిలో పిల్లల మధ్యాహ్న భోజనం, ఉపాధి కూలీ ఖాతాలో పడవలసిన వేతనం ఆ అంకెల మీదనే ఆధారపడి ఉన్నాయి. ప్రకటించిన సొమ్ము అంతా చేరుతుందా, చేరకపోతే ఏ మలుపు వద్ద నిలిచిపోతుంది అన్నది తెలియాలంటే కేంద్రం తన పద్దును పంచే తీరు తెలుసుకోవాలి.

రూపాయి రాక

ఉదాహరణకు 2025-26 బడ్జెట్‌ను తీసుకుందాం. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌ 2025 ఫిబ్రవరి 1న ప్రవేశపెట్టిన ఈ బడ్జెట్‌లో మొత్తం వ్యయం రూ.50.65 లక్షల కోట్లు. అప్పులు మినహా వచ్చే రాబడి రూ.34.96 లక్షల కోట్లు. ఈ రెంటికీ మధ్య తేడా రూ.15.69 లక్షల కోట్లు. దీనినే ద్రవ్యలోటు అంటారు. ఇది దేశ స్థూల ఉత్పత్తిలో 4.4 శాతంగా అంచనా వేశారు. ఈ లోటును ప్రధానంగా అప్పులతోనే పూడుస్తారు.

రాబడిని ఒక రూపాయిగా భావిస్తే అందులో 24 పైసలు అప్పుల ద్వారా, 22 పైసలు ఆదాయపు పన్ను ద్వారా, 18 పైసలు జీఎస్‌టీ ద్వారా, 17 పైసలు కంపెనీల పన్ను ద్వారా వస్తాయని బడ్జెట్‌ పత్రాలు చూపాయి. పన్నేతర రాబడి 9 పైసలు, ఎక్సైజ్‌ సుంకం 5 పైసలు, కస్టమ్స్‌ సుంకం 4 పైసలు, రుణేతర మూలధన రాబడి ఒక పైసా. అన్నిటిలోకీ పెద్ద వాటా అప్పుదే అన్నది గమనించవలసిన విషయం.

రూపాయి పోక

ఇక ఖర్చు సంగతి. రూపాయిలో 22 పైసలు పన్నుల వాటాగా రాష్ట్రాలకు వెళ్తాయి. 20 పైసలు వడ్డీలకు పోతాయి. కేంద్రం సొంతంగా అమలు చేసే పథకాలకు 16 పైసలు, రాష్ట్రాలతో కలిసి అమలు చేసే కేంద్ర ప్రాయోజిత పథకాలకు 8 పైసలు, రక్షణకు 8 పైసలు, ఆర్థిక సంఘం గ్రాంట్లు, ఇతర బదిలీలకు 8 పైసలు, సబ్సిడీలకు 6 పైసలు, పింఛన్లకు 4 పైసలు, ఇతర వ్యయానికి 8 పైసలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ రూపాయి బొమ్మలో రాష్ట్రాల వాటా కలిసి ఉంటుంది. మొత్తం వ్యయంగా చెప్పే రూ.50.65 లక్షల కోట్లలో మాత్రం అది ఉండదు. ఆ వాటా సుమారు రూ.14.22 లక్షల కోట్లు. దానిని కలిపి లెక్కించినందువల్లనే వడ్డీ భారం 20 పైసలుగా కనిపిస్తుంది. రాష్ట్రాల వాటా పోగా కేంద్రం చేతికి వచ్చే రెవెన్యూ రాబడి రూ.34.20 లక్షల కోట్లు కాగా, వడ్డీలకు చెల్లించవలసింది రూ.12.76 లక్షల కోట్లు. అంటే కేంద్రం సొంత సంపాదనలో ప్రతి రూపాయికి 37 పైసలు పాత అప్పుల వడ్డీకే సరి. కళ్లంలో ధాన్యం ఇంకా ఇంటికి చేరకముందే అప్పులవాడు తన వాటా కొలుచుకుపోయిన చందమిది.

పంపకానికి మిగిలేది ఎంత?

వడ్డీ ఎగవేయడానికి వీలులేదు. రాష్ట్రాల వాటా రాజ్యాంగబద్ధం. పింఛన్లు ఆపరాదు. సరిహద్దుల్లో సైన్యం ఖర్చు తగ్గించడం సులభం కాదు. ఆర్థిక సంఘం సిఫారసు చేసిన గ్రాంట్లు, చౌక బియ్యానికి, ఎరువులకు ఇచ్చే సబ్సిడీలు కూడా ఒక్కసారిగా తగ్గించగలిగినవి కావు. వీటన్నిటినీ కలిపితే 68 పైసలు అవుతుంది. జీతభత్యాలు, కార్యాలయాల నిర్వహణ వంటివి ఉండే ఇతర వ్యయం మరో 8 పైసలు. ఇవి పోగా పథకాలకు మిగిలేది 24 పైసలు. రోడ్లు, రైళ్లు, సాగు, చదువు, వైద్యం, తాగునీరు, గృహనిర్మాణం తదితర రంగాల మధ్య ఏటా జరిగే అసలు పోటీ ఈ 24 పైసల కోసమే.

ఎరువుల సబ్సిడీనే చూద్దాం. 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ ధర పన్నులు, వేపపూత ఛార్జీలు మినహా రూ.242గా కేంద్రం నిర్ణయించింది. ఉత్పత్తి లేదా దిగుమతి వ్యయం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ తేడాను కేంద్రమే భరిస్తుంది. 2025-26లో అన్ని రకాల ఎరువుల సబ్సిడీకి సుమారు రూ.1.68 లక్షల కోట్లు కేటాయించారు. ఆహార సబ్సిడీకి కేటాయింపు రూ.2.03 లక్షల కోట్లు. ఆహార భద్రత చట్టం కింద 2023 జనవరి నుంచి ఉచితంగా బియ్యం, గోధుమలు ఇస్తున్నారు. 2024 జనవరి నుంచి మరో అయిదేళ్లు దీనిని కొనసాగించాలని కేంద్రం నిర్ణయించింది. ఇటువంటి హామీలు ఇచ్చిన తరువాత బడ్జెట్‌ రూపొందించే వారికి ఆ మేరకు స్వేచ్ఛ తగ్గుతుంది.

ఏ శాఖకు ఎంత?

మంత్రిత్వ శాఖల వారీగా చూస్తే 2025-26లో రక్షణ శాఖది అగ్రస్థానం. దానికి రూ.6.81 లక్షల కోట్లు కేటాయించారు. ఇందులో మాజీ సైనికోద్యోగుల పింఛన్లకే దాదాపు రూ.1.61 లక్షల కోట్లు అవసరం. ఆయుధాలు, విమానాలు, నౌకల వంటి మూలధన వ్యయానికి రూ.1.80 లక్షల కోట్లు. రోడ్డు రవాణా, జాతీయ రహదారులకు రూ.2.87 లక్షల కోట్లు, రైల్వేలకు రూ.2.55 లక్షల కోట్లు, హోం శాఖకు రూ.2.33 లక్షల కోట్లు, గ్రామీణాభివృద్ధికి రూ.1.90 లక్షల కోట్లు కేటాయించారు. వ్యవసాయ శాఖకు దాదాపు రూ.1.38 లక్షల కోట్లు, విద్యా శాఖకు దాదాపు రూ.1.29 లక్షల కోట్లు, ఆరోగ్య శాఖకు దాదాపు లక్ష కోట్లు.

ఈ పట్టిక చూసి రక్షణకు ఏడింతలు, వైద్యానికి ఒక వంతా అని ఆవేదన చెందేవారు ఉన్నారు. ఆ ప్రశ్న అడగదగినదే. అయితే రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రక్షణ పూర్తిగా కేంద్రం బాధ్యత. ప్రజారోగ్యం, ఆస్పత్రులు, వ్యవసాయం, పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. విద్య 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి మారింది. బడులు, ఆస్పత్రులపై ఖర్చులో అధిక భాగం రాష్ట్ర బడ్జెట్లలో ఉంటుంది. కాబట్టి చదువుకు, వైద్యానికి దేశం ఎంత వెచ్చిస్తోందో తేల్చాలంటే కేంద్ర, రాష్ట్ర పద్దులు రెండూ కలిపి చూడాలి.

నిర్ణయం ఎక్కడ జరుగుతుంది?

బడ్జెట్‌ కసరత్తు ఫిబ్రవరికి చాలా ముందే మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో ఆర్థిక వ్యవహారాల విభాగం అన్ని శాఖలకు బడ్జెట్‌ సర్క్యులర్‌ పంపుతుంది. ఆ తరువాత వ్యయ విభాగం కార్యదర్శి ఒక్కో శాఖ అధికారులతో సమావేశమవుతారు. గత ఏడాది ఇచ్చిన సొమ్ములో ఎంత ఖర్చయింది, రాష్ట్రాల ఖాతాల్లో ఎంత మూలుగుతోంది, కొత్తగా ఎంత కావాలి అన్నవి అక్కడ చర్చకు వస్తాయి. ఇచ్చిన సొమ్ము ఖర్చు చేయలేని శాఖ మరుసటి ఏడాది గట్టిగా అడగలేదు. ఈ సమావేశాల్లో ఖరారైన పరిమితులే కొద్ది మార్పులతో ఫిబ్రవరిలో కేటాయింపులుగా వెలువడతాయి.

లోగడ ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అని రెండు పద్దులు ఉండేవి. 2017-18 నుంచి ఆ విభజన రద్దయింది. 1924 నుంచి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్‌ కూడా ఆ ఏడాదే సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది. ఫిబ్రవరి చివరి రోజున ప్రవేశపెట్టే ఆనవాయితీ మారి ఫిబ్రవరి 1వ తేదీకి వచ్చింది కూడా 2017లోనే. ఏప్రిల్‌ మొదటి వారం నుంచే శాఖల చేతికి నిధులు అందాలన్నది ఈ మార్పు ఉద్దేశం.

పార్లమెంటు పాత్ర

సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి తీయాలన్నా పార్లమెంటు అనుమతి తప్పనిసరి. రాజ్యాంగం 112వ అధికరణం కింద వార్షిక ఆర్థిక నివేదికను సభ ముందుంచుతారు. 113వ అధికరణం కింద ఒక్కో శాఖ గ్రాంటు పద్దుపై లోక్‌సభ ఓటింగ్‌ జరుపుతుంది. వడ్డీలు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాల వంటి వాటిపై చర్చించవచ్చు గానీ ఓటింగ్‌ ఉండదు. పద్దులు ఆమోదం పొందాక ద్రవ్య వినిమయ బిల్లు, పన్నుల ప్రతిపాదనలకు ఆర్థిక బిల్లు ఆమోదిస్తారు.

వందకు పైగా ఉన్న పద్దుల్లో సమయాభావం వల్ల కొన్ని శాఖలపైనే చర్చ జరుగుతుంది. మిగిలిన వాటిని గడువు ముగిసే వేళకు చర్చ లేకుండా ఒకేసారి ఓటింగ్‌కు పెడతారు. దీనికే గిలెటిన్‌ అని పేరు. 2018లోనూ, 2023లోనూ సభలో గందరగోళం మధ్య అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. లక్షల కోట్ల ఖర్చుపై ప్రజాప్రతినిధులు ఒక్క మాటైనా మాట్లాడని సందర్భాలవి.

నాలుగు గడులు చదవాలి

బడ్జెట్‌ పత్రాల్లో ప్రతి పథకం ఎదురుగా నాలుగు గడులు ఉంటాయి. మొదటిది రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం. రెండోది జరుగుతున్న ఏడాదికి తొలుత వేసిన బడ్జెట్‌ అంచనా. మూడోది అదే ఏడాదికి సవరించిన అంచనా. నాలుగోది రానున్న ఏడాదికి బడ్జెట్‌ అంచనా. ప్రసంగాల్లో వినిపించేది నాలుగో గడి. పథకం గతి తెలిపేవి మాత్రం రెండు, మూడు గడులు.

ఇంటింటికీ కుళాయి నీరు లక్ష్యంగా 2019లో ప్రకటించిన జల్‌జీవన్‌ మిషన్‌ ఇందుకు తార్కాణం. 2024-25లో దీనికి తొలుత కేటాయించింది రూ.70,163 కోట్లు. సవరించిన అంచనాల్లో అది రూ.22,694 కోట్లకు పడిపోయింది. మొదట చెప్పినదానిలో మూడో వంతు కూడా లేదు. 2025-26కు మళ్లీ రూ.67,000 కోట్లు చూపి, పథకం గడువును 2028 వరకు పొడిగిస్తున్నట్లు బడ్జెట్‌ ప్రసంగంలో ప్రకటించారు. నాలుగో గడి ఒక్కటే చదివినవారికి భారీ కేటాయింపు కనిపిస్తుంది. మూడో గడి కూడా చదివినవారికి పైపులైను గోతులు ఎందుకు పూడలేదో బోధపడుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మహాత్మాగాంధీ ఉపాధి హామీ పథకం. 2020-21లో రూ.61,500 కోట్ల కేటాయింపు కరోనా కారణంగా వలస కూలీలు ఊళ్లకు తిరిగి రావడంతో రూ.1,11,500 కోట్లకు పెరిగింది. 2023-24లోనూ రూ.60,000 కోట్ల తొలి అంచనా రూ.86,000 కోట్లకు చేరింది. పని అడిగితే ఇవ్వక తప్పదని చట్టం చెప్పడమే ఇందుకు కారణం. చట్టం అండ ఉన్న పద్దు అవసరాన్ని బట్టి పెరిగింది. అటువంటి అండ లేని పద్దు ఏడాది మధ్యలో తరిగిపోయింది.

ఆ ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. పని దినాల హామీ 100 నుంచి 125కు పెరిగింది. అయితే పాత చట్టంలో నైపుణ్యం లేని పనుల కూలి మొత్తాన్ని కేంద్రమే భరించేది. కొత్త చట్టంలో అత్యధిక రాష్ట్రాలు వ్యయంలో 40 శాతం భరించాలి. రోజులు పెరిగిన మేరకు రాష్ట్ర ఖజానా నుంచి కూడా సొమ్ము రావాలన్నమాట.

పల్లెకు మూడు దారులు

కేంద్రం సొమ్ము జిల్లాకు ప్రధానంగా మూడు దారుల్లో చేరుతుంది. మొదటిది పన్నుల వాటా. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంపిణీకి అర్హమైన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని సిఫారసు చేసింది. సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ పంపిణీలోకి రావు. అందువల్ల 2025-26 అంచనాల్లో మొత్తం పన్నుల వసూళ్లు రూ.42.70 లక్షల కోట్లు కాగా రాష్ట్రాలకు దక్కేది అందులో మూడో వంతు మాత్రమే.

ఆ వాటాను రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు తలసరి ఆదాయంలో వెనుకబాటుకు 45 శాతం, 2011 జనాభాకు 15 శాతం, విస్తీర్ణానికి 15 శాతం, జనాభా నియంత్రణకు 12.5 శాతం, అడవులకు 10 శాతం, పన్నుల వసూలు కృషికి 2.5 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. దీని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. 14వ ఆర్థిక సంఘం కాలంలో ఇవి 4.305, 2.437 శాతంగా ఉండేవి. 2025-26 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు సుమారు రూ.57,566 కోట్లు, తెలంగాణకు సుమారు రూ.29,900 కోట్లు వస్తాయి. తలసరి ఆదాయం పెరిగిన రాష్ట్రానికి వాటా తగ్గడం ఈ సూత్రంలోనే ఉంది. 2026 ఏప్రిల్‌ నుంచి అయిదేళ్ల కాలానికి అరవింద్‌ పనగారియా అధ్యక్షతన ఏర్పాటైన 16వ ఆర్థిక సంఘం 2025 నవంబరులో రాష్ట్రపతికి నివేదిక సమర్పించింది.

రెండో దారి కేంద్ర ప్రాయోజిత పథకాలు. సమగ్ర శిక్ష, జాతీయ ఆరోగ్య మిషన్‌, మధ్యాహ్న భోజనం వంట ఖర్చు వంటి వాటిలో తెలుగు రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం ఇస్తే రాష్ట్రం 40 శాతం కలపాలి. జల్‌జీవన్‌ మిషన్‌లో చెరి సగం. రాష్ట్రం తన వాటా జమ చేయకపోయినా, ముందటి విడతకు వినియోగ ధ్రువపత్రాలు పంపకపోయినా తదుపరి విడత ఆగిపోతుంది. నిధులు ఇచ్చామని కేంద్రం, రాలేదని రాష్ట్రం చెప్పే వివాదాల్లో చాలావరకు ఈ మలుపు వద్దనే పుడతాయి.

మూడో దారి పంచాయతీలకు ఇచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పెట్టిన నిబంధన ప్రకారం ఇందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయవలసి ఉండేది. మిగిలిన 40 శాతాన్ని జీతాలు మినహా స్థానిక అవసరాలకు వాడుకునే వీలుండేది. అయితే ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి ఆరంభం నుంచి 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగే వరకు గ్రామ పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉండటంతో ఈ నిధులు నిలిచిపోయాయి. ఢిల్లీలో కేటాయింపు ఉంది. ఊళ్లో వీధి దీపాలకు, మోటారు మరమ్మతులకు మాత్రం డబ్బు లేకపోయింది.

ఊళ్లో అడగవలసిన ప్రశ్నలు

కేంద్ర బడ్జెట్‌ పత్రాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. పంచాయతీల జమాఖర్చులు ఈ-గ్రామ్‌స్వరాజ్‌ పోర్టల్‌లో ఉంటాయి. అక్కడ లేని వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. పథకం పేరు చెప్పి నిధులెందుకు రాలేదని అడిగితే సమాధానం దాటవేయడం సులభం. కేంద్రం విడత ఎప్పుడు విడుదలైంది, రాష్ట్ర వాటా జమ అయిందా, వినియోగ ధ్రువపత్రం పంపారా, సవరించిన అంచనాలో కోత పడిందా అని విడివిడిగా అడిగితే సొమ్ము ఎక్కడ ఆగిందో తేలుతుంది. గ్రామసభలో ఈ నాలుగు ప్రశ్నలు వేసి, సమాధానాలను తీర్మానాల పుస్తకంలో రాయించుకునే హక్కు ఓటరుకు ఉంది.